కోర్సు పేరులో ‘అభివృద్ధి’ ఎందుకుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: సుస్థిర ఇంధనం, అభివృద్ధి అనే అంశంలో పీజీ చదవాలా, చదివితే ఏది చూసి ఎంచుకోవాలి, చదివాక ఏం చేయాలి. ఇరవై రెండేళ్లుగా నేను చెబుతున్న పాఠాలు ఇవే. అంతకు ముందు కొన్నేళ్లు సోలార్ పనుల్లో ఇంజినీరుగా తిరిగాను. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. పేరు వేయవద్దని కొందరు కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఏడేళ్లుగా షిఫ్టు ఇంజినీరుగా ఉన్నాను. బాయిలర్, టర్బైన్ తప్ప మరో లోకం తెలియదు. సుస్థిర ఇంధనంలో పీజీకి దరఖాస్తు చేస్తే ‘బొగ్గు మనిషి’ అని పక్కన పెడతారేమోనని భయంగా ఉంది. ఈ ఏడేళ్లూ సున్నా అయినట్టేనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడేళ్లు రాత్రి షిఫ్టులు చేసిన మనిషి తన పనిని సున్నా అనుకోవడం నాకు బాధ కలిగించింది.

అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి నడిపే సౌర కేంద్రాలున్నాయి. అక్కడ ఎండ నూనెనో, కరిగించిన లవణాన్నో వేడి చేస్తుంది. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. మంట ఒక్కటే మారింది, మిగతాదంతా మీరు రోజూ చూసే యంత్రమే. భూగర్భంలోని వేడితో నడిచే కేంద్రాలు, పంట వ్యర్థాలతో నడిచే కేంద్రాలు కూడా చాలా వరకు అంతే.

ఇంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. సౌర విద్యుత్తు పెరిగిన గ్రిడ్‌లో థర్మల్ కేంద్రాన్ని మధ్యాహ్నం బాగా తగ్గించి నడపమంటారు, పొద్దు వాలగానే గబగబా పెంచమంటారు. ఎంతవరకు తగ్గిస్తే మంట నిలకడగా ఉంటుందో, ఎప్పుడు చమురు సాయం తీసుకోవాలో, పెంచే వేగం హద్దు దాటితే టర్బైన్ లోహం ఏమవుతుందో నా విద్యార్థుల్లో చాలామంది పుస్తకంలో చదువుతారు. మీరు కంట్రోల్ రూమ్‌లో నిలబడి చూశారు. తిరుగుతున్న టర్బైన్ బరువే మొదటి కొన్ని సెకన్లపాటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచుతుందన్నది మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. సోలార్ ఇన్వర్టర్‌లో అలా తిరిగే బరువు లేదు. ఆ పని దానికి విడిగా నేర్పాలి.

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం మొత్తం చీకటైపోయింది. పెనుగాలికి విద్యుత్ టవర్లు కూలాయి. ఆ కుదుపులకు కొన్ని పవన విద్యుత్ కేంద్రాలు, వాటిలో ముందే పెట్టి ఉంచిన రక్షణ అమరికల వల్ల, ఉత్పత్తిని ఒక్కసారిగా తగ్గించేశాయి. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలో హార్న్స్‌డేల్ దగ్గర, గ్రిడ్ నిలకడకు సాయంగా, 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. ఏటా ఈ సంఘటనను పాఠంగా చెబుతాను. తరగతిలో మీవంటివారు ఒక్కరున్నా ఆ చర్చ రెండు గంటలు సాగుతుంది. లేని ఏడాది ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

కాబట్టి దరఖాస్తులో బొగ్గును దాచకండి. ఏ లోడు దగ్గర మీ యూనిట్ ఇబ్బంది పెట్టిందో, ఆ రాత్రి మీరేం చేశారో రాయండి. బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. లండన్‌లో మొదటిది నడిచింది 1882లో. 142 ఏళ్ల చరిత్ర ఒక్క రోజున ముగిసినా, అందులో పనిచేసినవారి జీవితాలు ఆ రోజుతో ముగియవు కదా. కేంద్రం మూసేటప్పుడు వెల్డర్ ఎక్కడికి వెళ్లాలి, బూడిద గుంటను ఎవరు చూసుకోవాలి, గ్రిడ్‌కు కట్టిన ఆ పెద్ద లైన్లను దేనికి వాడుకోవచ్చు? ఈ ప్రశ్నలను గేటు లోపల బతికిన మనిషి అడగడం వేరు, బయటి నుంచి మేము అడగడం వేరు.

మీరు కష్టపడి నేర్చుకోవలసింది ఒకటుంది. ఇన్నాళ్లూ లోడు, అంటే కరెంటు గిరాకీ, ఎంత అడిగితే అంత ఇవ్వడం మీ పని. ఈ చదువులో ఆ లోడు ఎవరిది, దేనికి, అది లేనివారు ఎవరు అని అడుగుతారు. మొదటి సెమిస్టర్‌లో ఇది చాలామంది ఇంజినీర్లకు చిరాకు తెప్పిస్తుంది. ఓర్చుకోండి.

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ పూర్తయింది. కోర్సుల పేర్లు చూస్తే తల తిరుగుతోంది. పునరుత్పాదక ఇంధనం, సుస్థిర ఇంధన వ్యవస్థలు, ఇంధన విధానం, ఇంధనం–అభివృద్ధి... ఏది దేనికి? పేరులో ‘అభివృద్ధి’ ఉంటే ఇంజినీరుగా విలువ తగ్గుతుందని స్నేహితులు అంటున్నారు.

జవాబు: ‘పునరుత్పాదక’ అని ఉంటే సాధారణంగా పరికరాల పాఠం ఎక్కువ. ‘వ్యవస్థలు’ అంటే గ్రిడ్, నిల్వ, కంప్యూటర్ నమూనాలు. ‘విధానం’ అంటే చట్టాలు, ధరల నిర్ణయం. కానీ ఏ విశ్వవిద్యాలయమైనా ఏ పేరు కిందైనా ఏదైనా పెట్టగలదు కనుక పేరును నమ్మకుండా సిలబస్ తెరవండి.

ఈ చదువు నిన్న మొన్న పుట్టింది కాదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎనర్జీ అండ్ రిసోర్సెస్ గ్రూప్ 1973లో మొదలైంది. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పునరుత్పాదక ఇంధనంలో పీజీ కోర్సును 1987లో ప్రారంభించింది. నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషన్ తన నివేదిక ఇచ్చింది కూడా 1987లోనే. రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అన్న నిర్వచనం అందులోదే. ఆ వాక్యం అందరికీ కంఠతా వచ్చు. దాని వెంటనే అక్కడ ఇంకో మాట ఉంది: అవసరాలంటే ముఖ్యంగా ప్రపంచంలోని పేదల కనీస అవసరాలు, వాటికే అన్నిటికన్నా ముందు ప్రాధాన్యం. ఈ రెండో మాట చాలా సిలబస్‌లలో కనిపించదు. కోర్సు పేరులో ‘అభివృద్ధి’ ఉండవలసింది దాని కోసమే. అది లేనిచోట ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను, చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. కరెంటు తీగ చేరని ఒక కొండ ఊరు, 42 ఇళ్లు. ఊరంతటికీ కలిపి ఒక చిన్న సోలార్ కేంద్రం. లెక్క నాదే. ఇంటికి రోజుకు 120 వాట్ అవర్లు, అంటే రెండు దీపాలు, ఒక ఫోను ఛార్జింగ్. మొత్తం ఐదు యూనిట్లు. అందుకు 2 కిలోవాట్ల ప్యానెళ్లు, 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు, సగానికి మించి ఖాళీ చేయకుండా వాడినా దాదాపు రెండు రోజులకు సరిపడే నిల్వ. దీపాలు వెలిగిన రాత్రి ఎవరూ పడుకోలేదు. నేను కూడా.

తొమ్మిదో నెలలో ఊళ్లో దుకాణం నడిపే ఆయన చిన్న ఫ్రిజ్ కొన్నాడు. దానికే రోజుకు ఒక యూనిట్ దాటింది. ఆయన చేసింది తప్పు కాదు. పాలు పాడవకుండా, మందులు చల్లగా ఉంచాలనుకున్నాడు. అభివృద్ధి అంటే అదే కదా! కానీ నా లెక్కలో ఆయనకు చోటు లేదు. వానాకాలం వచ్చింది. బ్యాటరీలు వారాల తరబడి నిండకుండానే ఉండిపోయాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని అలా సగం ఛార్జిలో వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఎండ కాసినా అది నిండదు. పద్నాలుగో నెలలో ఊరు మళ్లీ చీకట్లో పడింది.

కొత్త బ్యాటరీలకు డబ్బు ఏది? నెలనెలా ఇళ్ల నుంచి వసూలైనది ఆపరేటర్ జీతానికి సరిపోయింది. బ్యాటరీ కోసం విడిగా దాచాలని ఎవరూ నిర్ణయించలేదు. ఆ కేంద్రం ఊరిదని మా సంస్థ అనుకుంది, సంస్థదని ఊరు అనుకుంది. ఎవరిదో రాసిన కాగితం ఒక్కటీ లేదు. నేను వెళ్లేసరికి ఒక పెద్దామె అటక మీది నుంచి కిరోసిన్ బుడ్డి దింపి, చీర చెంగుతో గాజు తుడుస్తోంది. “అలవాటు చేసి తీసుకెళ్లిపోయారమ్మా” అంది. కోపంగా కూడా అనలేదు.

నా డిగ్రీలో బ్యాటరీ రసాయనం ఉంది. ఇన్వర్టర్ సర్క్యూట్ ఉంది. ‘ఈ బ్యాటరీ ఎవరిది?’ అన్న ప్రశ్న ఎక్కడా లేదు. ముప్పై ఒకటో ఏట నేను పీజీకి వెళ్లింది ఆ ప్రశ్న వెంటే.

ఇప్పుడు సిలబస్‌లో ఏం చూడాలో మీకే తెలిసి ఉంటుంది. విద్యుత్ సౌకర్యాన్ని ఎలా కొలవాలో నేర్పుతున్నారా? ‘తీగ ఉందా, లేదా’ అని అడిగే రోజులు పోయాయి. ప్రపంచ బ్యాంకు 2015లో తెచ్చిన పద్ధతిలో సున్నా నుంచి ఐదు వరకు అంచెలున్నాయి. ఒకటో అంచె అంటే కనీసం 3 వాట్లు, రోజుకు నాలుగు గంటలు, అందులో సాయంత్రం ఒక గంట. ఐదో అంచె అంటే 2 కిలోవాట్లు, రోజుకు 23 గంటలు. భరించగల ధరేనా, ప్రమాదం లేకుండా ఉందా అన్నవి కూడా అందులో లెక్కే. మా ఊరు ఒకటో అంచెలో ఉండగా ఫ్రిజ్ కొన్నాయన పై అంచెకు వెళ్లబోయాడు. ఆ మెట్టు ఎక్కే దారి మేం కట్టలేదు. ఈ మాట చెప్పడానికి నాకు నాలుగేళ్లు, ఒక డిగ్రీ పట్టాయి.

ఫైనాన్స్ పాఠం తప్పనిసరిగా ఉందో లేదో చూడండి. క్షేత్ర పర్యటన మూడు రోజుల విహారమా, మూడు నాలుగు వారాల పనా అని అడగండి. గత విద్యార్థుల థీసిస్‌లు లైబ్రరీలో చదవనిస్తారేమో కనుక్కోండి. నేనైతే కోర్సు కరపత్రం పక్కన పెట్టి ముందు అవే చదువుతాను. పరికరాల పాఠాలు బలంగా లేని ‘అభివృద్ధి’ కోర్సు కూడా వద్దు. బ్యాటరీ ఎందుకు చస్తుందో తెలియకుండా అది ఎవరిదని అడిగితే ఊరికి ఉపయోగం లేదు. సివిల్ చదివారు కనుక మీకు చిన్న జలవిద్యుత్తు, పవన విద్యుత్ పునాదులు, భవనాల్లో ఇంధన పొదుపు దగ్గరి దారులు. విలువ తగ్గుతుందన్న మీ స్నేహితులకు నా ఊరి కథ చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నేను బి.ఏ. ఆర్థికశాస్త్రం. గణితం ఇంటర్‌తోనే ఆగిపోయింది. ఈ కోర్సుకు అర్హత ఉందని చూశాను కానీ, ఇంజినీర్ల మధ్య కూర్చోగలనా?

జవాబు: కూర్చోగలవు తల్లీ. వాళ్లకు రానిది కొంత నీకు ఇప్పటికే వచ్చు.

ముందు కిలోవాట్‌కూ యూనిట్‌కూ తేడా గట్టిగా పట్టుకో. కిలోవాట్ అంటే వేగం, యూనిట్ అంటే ఆ వేగంతో గంట నడిస్తే వచ్చిన దూరం. పెద్ద పెద్ద వార్తల్లో కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ఏడాదికి 8,760 గంటలు. ఎండ రాత్రి ఉండదు, మబ్బు పడుతుంది కనుక ఒక కిలోవాట్ ప్యానెల్ అందులో ఇరవై శాతం మాత్రమే పూర్తి బలంతో పనిచేసినట్టు లెక్క వేస్తే, ఏడాదికి 1,752 యూనిట్లు వస్తాయి.

ఇప్పుడు నీ సబ్జెక్టుకు వద్దాం. సోలార్‌కు ఇంధనం ఖర్చు లేదు, ఖర్చంతా మొదటి రోజే. అందుకే అప్పు తెచ్చి కట్టాలి. 25 ఏళ్లలో తీర్చే అప్పుకు వడ్డీ 5 శాతం అయితే, తెచ్చిన ప్రతి వెయ్యికీ ఏటా సుమారు 71 కట్టాలి. వడ్డీ 12 శాతం అయితే సుమారు 127.5 కట్టాలి. ప్యానెల్ అదే, ఎండ అదే, యూనిట్లు అవే 1,752. అయినా యూనిట్‌కు పడే పెట్టుబడి భారం దాదాపు 1.8 రెట్లు. ఎండ దండిగా ఉన్న పేద దేశాల్లో సౌర విద్యుత్తు ఉండవలసినంత చౌకగా ఎందుకు లేదు అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. నా తరగతిలో సెమీకండక్టర్ భౌతికశాస్త్రం అలవోకగా చెప్పే పిల్లలు ఈ లెక్క దగ్గర తడబడతారు. నీకు ఇది మొదటి వారం పాఠం.

చేరేలోగా ఉన్న రెండు నెలల్లో ఘాతాలు, లాగరిథమ్‌లు, గణాంకశాస్త్రంలో రిగ్రెషన్ వరకు మళ్లీ చూసుకో. ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి రెండు సూత్రాలు మాటల్లో చెప్పగలిగితే చాలు. మిగతా చోట్లా అంతే: గాలిమర గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదని బెట్జ్ పరిమితి చెబుతుంది. ఆ అంకెను రాబట్టడానికి కొంత గణితం కావాలి. కానీ మొత్తం శక్తినీ లాగేస్తే గాలి అక్కడే ఆగిపోతుంది, వెనక వచ్చే గాలికి దారి ఉండదు అన్నది అర్థమైతే విషయం నీకు అందినట్టే. భయపడి చిన్నగా కూర్చోకు. వాళ్లను అడుగు, వాళ్లకు చెప్పు.

ప్రశ్న: పీజీలో చేరేముందే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

జవాబు: ముందు స్ప్రెడ్‌షీట్. పైన చెప్పిన వడ్డీ లెక్కను మీ చేత్తో మీరు కట్టండి. ఎండ వివరాలకు ఐరోపా కమిషన్ ఉచితంగా ఇచ్చే పీవీజీఐఎస్ ఉంది. చిన్న గ్రిడ్‌లకు హోమర్, ప్రాజెక్టుల తొలి అంచనాకు కెనడా ప్రభుత్వం తయారుచేసిన రెట్‌స్క్రీన్, దేశస్థాయి ప్రణాళికలకు లీప్ వాడతారు. పైథాన్ కొంచెం వస్తే, లోపలి సమీకరణాలన్నీ తెరిచి చూసుకోగల ఓసిమోసిస్‌తో కుస్తీ పట్టండి. అన్నీ అవసరం లేదు. ఒకటి లోతుగా వస్తే రెండోది పదిహేను రోజుల పని.

ప్రశ్న: పీజీ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. ‘కృత్రిమ మేధతో సౌర విద్యుత్ ఉత్పత్తి అంచనా’ అని థీసిస్ అంశం అనుకుంటున్నాను. గైడు బాగుందన్నారు. మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు: ఆ అంచనా ఎవరికి కావాలి? గంట ముందు తెలిస్తే చాలా, ఒక రోజు ముందు తెలియాలా? అంచనా పది శాతం తప్పితే ఎవరికి ఎంత నష్టం? ఈ మూడింటికీ మీ దగ్గర జవాబుంటే, ఒక నిజమైన కేంద్రం నుంచి ఏడాది పాటు నమోదైన అంకెలు దొరికితే, తప్పక చేయండి. లేకపోతే ఇంటర్నెట్‌లో దొరికిన అంకెల మీద నాలుగు పద్ధతులు నడిపి, నాలుగోది అరశాతం మెరుగని తేల్చి ముగిస్తారు. అలాంటి థీసిస్‌లు నేను చాలా దిద్దాను. రాసినవారికి కూడా ఏడాది తర్వాత గుర్తుండవు.

మంచి ప్రశ్నకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: దానికి ‘లేదు’ అనే జవాబు కూడా వచ్చే వీలుండాలి. ‘సౌర దీపాలు పిల్లల చదువుకు మేలు చేస్తాయి’ అని ముందే నమ్మి బయలుదేరితే అది ప్రశ్న కాదు.

నన్నడిగితే వంట పొయ్యి వైపు చూడమంటాను. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్‌లతో వండుకునే జనం ప్రపంచంలో ఇప్పటికీ 200 కోట్ల పైమాటే. ఇళ్లలోని ఆ పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంత పెద్ద సంగతి మీద వచ్చే థీసిస్‌లు సౌర ఫలకాల మీద వచ్చేవాటిలో పదో వంతు కూడా ఉండవు నా బల్ల మీద. పొయ్యి ఆడవాళ్ల విషయం కావడం వల్లనే ఇలా జరుగుతోందని నేను గట్టిగా నమ్ముతాను.

అందులో ప్రశ్నలకు కొదవ లేదు. కొత్త పొయ్యి వచ్చాక కూడా పాతది ఆరిపోదు. రెండూ వెలుగుతుంటాయి. ఎన్ని పొయ్యిలు పంచారో నివేదికల్లో ఉంటుంది కానీ ఎన్ని పూటలు వెలిగాయో ఉండదు. పొయ్యికి చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ అమర్చి మూడు నెలలు గమనిస్తే, నోటితో చెప్పినదానికీ జరుగుతున్నదానికీ తేడా బయటపడుతుంది. ఆ తేడా ఎందుకని వెళ్లి ఆ ఇంట్లో కూర్చుని వినాలి. గిన్నె పెద్దదా? ఇంధనం నెలాఖరుకు అయిపోతుందా? డబ్బు ఎవరి చేతిలో ఉంది?

పొయ్యి వద్దనుకుంటే సౌర పంపులు చూడండి. కరెంటు ఖర్చు లేదు కనుక పంపు ఆగదు, భూగర్భ జలం ఏమవుతుంది? బొగ్గును పొదుపుగా వాడే యంత్రాలు వస్తే మొత్తం బొగ్గు వాడకం పెరుగుతుందని ఆంగ్ల ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే వాదించాడు. ఆ పాత వాదం మీ పంపు దగ్గర నిలుస్తుందా, లేదా? ఇక్కడ రెండు జవాబులకూ వీలుంది. మీ గైడుతో గొడవ పడకండి. ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లి ఆయన ముందు పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి మంచి ఉద్యోగం మానేసి ఈ పీజీ చదువుతానంటోంది. తండ్రిగా నా ఆందోళన ఒక్కటే. చదివాక ఉద్యోగం ఉంటుందా?

జవాబు: మీరు సూటిగా అడిగారు కనుక నేనూ సూటిగానే చెబుతాను. ఉద్యోగాలున్నాయి కానీ ‘సుస్థిర ఇంధన నిపుణులు కావాలి’ అన్న ప్రకటనలు తక్కువ. సౌర, పవన కేంద్రాలకు స్థలం పరిశీలించి ఉత్పత్తి లెక్క కట్టేవారు, బ్యాంకుల్లో అలాంటి ప్రాజెక్టులకు అప్పు ఇవ్వవచ్చా అని చూసేవారు, కర్మాగారాల్లో ఇంధన ఆడిట్ చేసేవారు, విద్యుత్ ధరలు నిర్ణయించే నియంత్రణ సంస్థల్లో లెక్కలు చూసేవారు, సంస్థల కర్బన ఉద్గారాలు లెక్కించేవారు, ఇలా వేరు వేరు పేర్లతో ఉంటాయి. మొదటి డిగ్రీ పునాది గట్టిగా ఉన్నవారు త్వరగా కుదురుకుంటారు. పీజీ ఆ పునాది మీద గది కడుతుంది, పునాదిని కొత్తగా వేయదు.

అభివృద్ధి రంగంలో జీతాలు, అదే చదువుతో పెద్ద కంపెనీల్లో వచ్చేదానికన్నా తరచూ తక్కువే. ఒప్పందాలు ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి. ఇది మీ అమ్మాయికి తెలిసే ఉండాలి, తెలిసీ వెళ్తానంటే ఆపకండి. చేరేముందు కళాశాలను ఒక్క కాగితం అడగండి: గత మూడేళ్లలో చదివిన ప్రతి ఒక్కరూ ఇప్పుడు ఎక్కడున్నారు? ఎంపిక చేసిన నలుగురి ఫొటోలు వద్దు, అందరి వివరాలు కావాలని చెప్పండి. ఇవ్వడానికి వెనకాడితే మరో కళాశాల చూడండి.

ప్రశ్న: విదేశీ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తున్నాను. రెండు పేజీల ఉద్దేశ లేఖ అడిగారు. పదిసార్లు రాసి చింపేశాను. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు అర్హతలు సరిచూసుకోండి. అభివృద్ధికి సంబంధించిన పీజీ కోర్సులకు జర్మనీ సంస్థ డాడ్ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి పీజీల్లో కనీసం రెండు దేశాల్లో చదవవలసి ఉంటుంది. ఇంట్లో బాధ్యతలున్నవారు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇక లేఖ. ఎంపిక సంఘాల్లో కూర్చుని కొన్ని వందల లేఖలు చదివాను. చాలావరకు ‘వాతావరణ మార్పు నేడు మానవాళి ముందున్న పెను సవాలు’ అనే మొదలవుతాయి. అది నిజమే, కానీ ఆ వాక్యం నాకు మీ గురించి ఏమీ చెప్పదు. చాలా ఏళ్ల కింద ఒక అబ్బాయి రాసిన లేఖ నాకు ఇప్పటికీ గుర్తుంది. తమ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఒక వేసవిలో మూడుసార్లు కాలిపోయిందట. మూడోసారి కాలాక అతను ఇంటింటికీ తిరిగి ఎన్ని మోటార్లు, ఎన్ని ఏసీలు, ఎన్ని ఏ వేళలో నడుస్తున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అందరూ సాయంత్రం ఒకే గంటలో నీళ్ల మోటార్లు వేస్తున్నారని తేలింది. వేళలు పంచుకుందామని అందరినీ ఒప్పించబోయి ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో తనకు తెలియదని, అది నేర్చుకోవడానికే ఈ చదువు కావాలని రాశాడు. సంఘంలో ఎవరూ అతని మార్కులు మళ్లీ చూడలేదు.

మీరు కూడా ఏదో ఒకటి లెక్కపెట్టే ఉంటారు. మీటరు, బిల్లు, కట్టెల మోపు, ఆగిపోయిన పంపు, ఏదైనా సరే. ఆ రోజు ఏం చూశారో మొదటి పేరాలో రాయండి. అర్థం కానిది రెండో పేరాలో రాయండి. ఆ తర్వాత, ఈ కోర్సులో ఏ రెండు పాఠాలు దానికి పనికొస్తాయని మీరు అనుకుంటున్నారో వాటి పేర్లతో సహా చెప్పండి. ‘ప్రపంచాన్ని మారుస్తాను’ అని ఎక్కడైనా ఉంటే కొట్టేసి, ఆ చోటులో మీ దగ్గరున్న ఒక అంకె పెట్టండి. పదకొండోసారి రాసినది చింపకుండా నాకు పంపండి. గడువుకు పది రోజుల ముందు చేరితే, గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.